నల్ల మెత్తలు, తెల్ల బూజు

ఆ రోజుల్లో మా ఊళ్ళో కిటికీ అంటే మూసి ఉంచడానికి పెట్టించుకునే వస్తువు. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ సంగతి విప్పి చెప్పనక్కర్లేదు. ఓపెన్ కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యేది. ముందు వంటింటి అలమరాలో గిన్నెలు గలగలమనేవి, తర్వాత మా అమ్మ గొంతు లేచేది, “కిటికీలు ఎయ్యిండ్రి, జల్ది!” ఆ తర్వాత ఎప్పుడో నింపాదిగా బొగ్గు దుమ్ము వచ్చేది. దానికి తొందరేం ఉండదు. తలుపు సందు దొరికితే తలుపు సందు, లేకపోతే వెంటిలేటర్ చిల్లు. ఇంట్లో పుట్టిన పిల్లకైనా నడక రావడానికి ఏడాది పడుతుంది గాని, ఆ దుమ్ముకు మా ఇంట్లో ప్రతి మూలా పుట్టుకతోనే తెలుసు. (ఇప్పటికీ ఏ పొరుగూరి పెళ్ళికో వెళ్ళినా సరే, మధ్యాహ్నం భోజనాలు కాగానే మా అమ్మ లేచి, అది ఎవరి ఇల్లని కూడా చూడకుండా కిటికీలు మూసేసి వస్తుంది.)

అలాంటి ఊళ్ళో నాకు కిటికీలో కూర్చోవాలన్న కోరిక పుట్టింది. అప్పటికి నాకు కొత్తగా ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను. ఆ ఫోనులో ఎక్కడో ఒక బొమ్మ చూశాను. పెద్ద కిటికీ, దాని కిందే వెడల్పాటి గద్దె, గద్దె మీద మెత్తలు. వాటి మీద ఒక పిల్ల మోకాళ్ళు ముడుచుకుని కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని బయట పడుతున్న వాన చూస్తోంది. మా ఇంట్లో కాఫీ తాగే అలవాటు లేదు. కిటికీలోంచి చూస్తే కనిపించేది ఎదురింటి నీళ్ళ ట్యాంకు. అయినా ఆ బొమ్మ నా మనసులో నాటుకుపోయింది. సరిగ్గా అప్పుడే మా నాన్న, మేం బాపు అంటాం, గనిలోంచి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు వదిలేసి మా సొంత ఇల్లు కట్టుకుంటున్నాం. నేను మేస్త్రి దగ్గరికి వెళ్ళి, ముందుగది కిటికీ కింద ఇటుకలతో గద్దె కట్టమని ఫోను చూపించాను. ఆయన ఫోను తిప్పి తిప్పి చూసి, “అరుగు ఇంటి బయట ఉంటది గదమ్మా. లోపట కట్టుమంటున్నవేంది? వచ్చినోళ్ళు బయట నిలవడాలె, మీరు లోపట కూసోవాలెనా?” అన్నాడు. కడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు గాని, కట్టడం మాత్రం గట్టిగానే కట్టాడు.

మేస్త్రికి చెప్పని మాట ఒకటుంది. ఆ గద్దె నాకోసం అని పైకి అన్నాను గాని, కట్టించింది బాపు కోసం. రిటైరయినప్పటి నుంచి బాపుకు ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే లేచేవాడు, స్నానం చేసేవాడు, డ్యూటీకి వేసుకునే ఖాకీ చొక్కా తొడుక్కుని గని గేటు దగ్గర చాయ్ హోటలుకు వెళ్ళిపోయేవాడు. దిగేవాళ్ళు దిగి, ఎక్కేవాళ్ళు ఎక్కి, షిఫ్టు మారేదాకా అక్కడే ఉండి, పైకొచ్చినవాళ్ళతో కలిసి తానూ అలసిపోయినట్టు నడుచుకుంటూ ఇంటికి వచ్చేవాడు. “జీతం లేని డ్యూటీ చేస్తున్నడు మీ బాపు” అని అమ్మ వాపోయేది. “రిటైరైనోనివి, ఇంట్ల కూసోరాదు?” అంటే బాపు అమాయకంగా చుట్టూ చూసి, “ఏడ కూసోవాలె?” అనేవాడు. కుర్చీలో కూర్చుంటే అమ్మ చీపురుకు అడ్డం. మంచం మీద కూర్చుంటే రోగిలా ఉందని ఆయనకే రోత. ఇన్నేళ్ళూ ఇంట్లో ఆయన పడుకోవడానికే చోటు చూసుకున్నాం గాని కూర్చోవడానికి చూసుకోలేదు. చిన్నప్పుడు ఒకసారి నేను, “బాపు, గనిల కిటికీలు ఉంటయా?” అని అడిగితే, “గక్కడ కిటికీ తీస్తే ఏం కనవడతది బిడ్డా, ఇంకింత బొగ్గు గదా” అని పకపక నవ్వాడు. నేనూ నవ్వాను. పెద్దయ్యాక ఆ మాట గుర్తొస్తే మాత్రం నవ్వు రాలేదు. అందుకే మా ఇంట్లో మంచి కిటికీ ఆయనకు ఇవ్వాలనుకున్నాను.

మెత్తల రంగు దగ్గర అమ్మ అడ్డం పడింది. నాకు ఫోనులో చూసినట్టు లేత పసుపు కావాలి. “బొగ్గూర్ల పసుపుదా? పొద్దున ఏస్తే మాపటికి పెనం లెక్క అయితది. నల్లది తియ్యి. దుమ్ము వడ్డా కనవడది” అంది. ఈ సిద్ధాంతం మా బొగ్గు బెల్ట్‌లో అందరిదీ. మా కర్టెన్లు ముదురు రంగు, మా దుప్పట్లు ముదురు రంగు, ఆఖరికి మా చర్చిలో కుర్చీల గుడ్డ కూడా ముదురు రంగే. సరేనని పరుపుల దుకాణం చాచా దగ్గరికి వెళ్ళి దట్టంగా దూది పెట్టి నల్లగుడ్డతో మెత్తలు కుట్టమన్నాను. ఆయన టేపు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, “ఇంట్ల ఎవరన్న పోయిండ్రా బేటా?” అని అడిగాడు.

మెత్తలు వచ్చాయి. బాపు మొదట పరాయి ఇంట్లో కూర్చున్నట్టు అంచున కూర్చున్నాడు. తర్వాత కొంచెం వెనక్కి జరిగాడు. ఆ తర్వాత కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. మా సందు షిఫ్టుకు పోయేవాళ్ళ దారి. సైకిళ్ళు, బండ్లు అన్నీ ఆ కిటికీ ముందునుంచే పోతాయి. “ఏమన్నా, కిటికీల సర్పంచ్ లెక్క కూసున్నవ్!” అని వాళ్ళు అరిస్తే, బాపు చెయ్యి ఊపి, “జాగ్రత్తగ దిగుండ్రిరా” అని పంపించేవాడు. వరసగా కొన్ని రోజులు గేటు ముఖం చూడలేదు. అమ్మ నన్ను చాటుకు పిలిచి, “నీ కిటికీ పని చేసిందే” అంది. మా అమ్మ నోట మెప్పు రావడమంటే ఎండాకాలంలో నల్లా నీళ్ళు రావడమే. నేను స్కూల్లో రెండు పీరియడ్లు పిల్లల్ని తిట్టకుండా పాఠం చెప్పాను.

అంతలో ముసురు పట్టింది. వాన జల్లు కొడుతుందని పొద్దున కిటికీ మూసేవాళ్ళం. వాన ఆగితే దుమ్ము వస్తుందని మధ్యాహ్నం మూసేవాళ్ళం. దోమలొస్తాయని సాయంత్రం మూసేవాళ్ళం. కొత్త గోడ, ఇంకా సిమెంటు తడి ఆరనే లేదు. ఒకరోజు నల్ల మెత్త మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. అమ్మ నా వైపు చూసి, “పౌడర్ జర తక్కువ కొట్టుకో. మొకం మీద కంటె మెత్త మీదనే ఎక్కువ వడుతున్నది” అంది. నేను రోషం కొద్దీ పౌడర్ మానేసి నాలుగు రోజులు జిడ్డు ముఖంతో స్కూలుకు వెళ్ళాను. చుక్కలు ఆగలేదు, పెరిగి పెద్దవై ఒకదానికొకటి కలిసిపోయాయి. చివరికి అమ్మ వేలితో తీసి వాసన చూసింది. “ఓ యమ్మో, బూజు!” అంది. బొగ్గు నల్లగా ఉంటుందని నల్లగుడ్డ తెచ్చిన ఇంటికి వెతుక్కుంటూ తెల్ల బూజు వచ్చింది. లేత పసుపు మీద అయితే అంత తొందరగా బయటపడేది కాదని నేను అనబోయి, అమ్మ ముఖం చూసి తుడిచే గుడ్డ కోసం వెళ్ళాను.

బూజు కంటే దాని వాసన పెద్ద సమస్య. మొదట బాపు రెండుమూడు సార్లు తుమ్మాడు. తర్వాత ఒక పొద్దున ఖాకీ చొక్కా తొడుక్కుని, “జర ముక్కిపోయిన వాసనొస్తున్నది బిడ్డా. గిట్ల గేటు దాక పోయొస్త” అన్నాడు. పోయినవాడు షిఫ్టు మారేదాకా రాలేదు. వానలో తడుస్తూ వచ్చాడు. అమ్మ తువ్వాలు ఇస్తూ నా వైపు చూసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బాపుకు ఇంట్లో ఒక చోటు చూపించి, మళ్ళీ లాక్కున్నట్టు అయింది.

ఇక బూజు మీద యుద్ధం మొదలైంది. అమ్మ ఆయుధాలు అమ్మవి. మెత్తల కింద వేపాకు, సందుల్లో కలరా ఉండలు. దాంతో మా ముందుగది దవాఖాన వార్డులా అయిపోయి, చాయ్ తాగడానికి వచ్చిన ఒక పెద్దమ్మ, “ఎవరికి బాగలేదు?” అని ఆరా తీసింది. నేను ఫోనులో చదివి గుడ్డను వెనిగర్‌తో తుడిచాను. ఆ వారమంతా వచ్చినవాళ్ళు వచ్చినట్టే, “ఏం తొక్కు పెట్టిండ్రు?” అని అడిగారు. మెత్తల్ని బొగ్గుల కుంపటి మీద ఆరబెడదామని అమ్మ చూస్తే ఒక మూల కమిలి, చాచా చేత అతుకు వేయించాల్సి వచ్చింది. ఆరబెట్టిన పూట బాగానే ఉండేది. మళ్ళీ తెచ్చి గోడకు ఆనించి, కిటికీ మూసి, రెండు రోజులాగి చూస్తే మళ్ళీ పిండి చల్లినట్టే.

ఇదంతా చూసి బాపు గేటు దగ్గరి నుంచి ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన మా టింబర్ కాక. గనిలో కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు పైకప్పు చూసి తర్వాత కూర్చుంటాడు. బాపు పని గాలిది. భూమి లోపల గాలి తనంతట తాను రాదు. దాన్ని ఒక దారిన రప్పించి, మనుషులు పనిచేసే చోట తిప్పి, ఇంకో దారిన పంపాలి. అందుకు మందపాటి గుడ్డను అడ్డంగా కడతారు. దాన్ని బ్రాటిస్ అంటారు. ఇద్దరూ మా ముందుగదిలో నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడి, అదేదో కొత్తగా తవ్విన గని అయినట్టు గద్దెను పరీక్షించారు.

“గాలి ఆడుతలేదు గద” అన్నాడు బాపు.

“ఆడేతందుకు సందేడున్నది? మెత్త తీస్కపోయి తడి గోడకు అతికిచ్చిండ్రు. కింద దిమ్మలు పెట్టాలె” అన్నాడు కాక.

“దిమ్మలు నువ్వు పెట్టు. గాలి నేను తెస్త.”

“గింత మెత్తకు ఇద్దరు మనుషులా?” అంది అమ్మ వంటింట్లోంచి.

“నీకు దెల్వదు, ఊకో” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కాక చెక్క బద్దలు కోసి, మెత్తలు గద్దెకు అంటకుండా, గోడకు తగలకుండా అమర్చాడు. అది నిజంగానే మంచి పని. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. కాని ఇన్నాళ్ళకు బాపు చేతికి పని దొరికింది. పాత టార్పాలిన్ తెచ్చి, వంటింటి గుమ్మం నుంచి కిటికీ గద్దె దాకా ముందుగదికి అడ్డంగా పైనుంచి కిందికి కట్టాడు. వంటింటి కిటికీలోంచి వచ్చిన గాలి ఇంకెక్కడికీ పోకుండా, గుడ్డ వెంట నడిచి వచ్చి, మెత్తల మీదుగా ముందు కిటికీలోంచి బయటపడాలని ఆయన ఏర్పాటు. అగరొత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూపించాడు. పొగ నిజంగానే చెప్పినట్టు విని, తిన్నగా వచ్చి, గద్దె మీద వంగి బయటికి పోయింది. కాక చప్పట్లు కొట్టాడు. మాకు మాత్రం ముందుగదిలో సగమే మిగిలింది. టీవీ గుడ్డకు అవతల పడింది. అమ్మ సీరియల్ చూడాలంటే సన్నని సందులో పక్కకు తిరిగి నిలబడాలి. “క్వార్టర్ల నుంచి ఇంటికొచ్చిన్నో, గనిలకే దిగిన్నో తెలుస్తలేదు” అనుకుంటూ అలాగే చూసేది. ఎందుకంటే బాపు గేటుకు వెళ్ళడం మానేశాడు. అగరొత్తి పట్టుకుని రోజంతా ఇంట్లోనే తిరుగుతున్నాడు.

ఆ వారమే మా ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన. రిటైర్‌మెంటు క్షేమంగా అయినందుకు, ఇల్లు పూర్తయినందుకు. టార్పాలిన్ విప్పమని అమ్మ పొద్దున్నుంచీ బతిమాలింది. “ఇప్పుడిప్పుడే ఆరుతున్నయి. ఒక్కపూట ఇప్పితె మల్ల మొదటికొస్తది” అని బాపు కదల్లేదు. పాస్టరయ్య తెల్ల లాల్చీలో వచ్చారు. గౌరవమైన చోటు కాబట్టి గద్దె మీదే కూర్చోబెట్టాం. మిగతావాళ్ళంతా ఆయన చుట్టూ, ఉన్న సగం గదిలో ఒదిగి కూర్చున్నారు. పాట అయింది, వాక్యం అయింది. పాస్టరయ్య కళ్ళు మూసుకుని, చేతులెత్తి, “పరలోకమందున్న మా తండ్రీ, ఈ కుటుంబాన్ని...” అని మొదలుపెట్టారో లేదో, వంటింట్లో మా చిన్నమ్మ పప్పుకు పోపు వేసింది. ఎండుమిరపకాయలు కాస్త ఎక్కువే వేసింది.

మామూలు ఇంట్లో ఆ ఘాటు నాలుగు దిక్కులకూ పోయి పలచబడుతుంది. మా ఇంట్లో మాత్రం దానికి ఒకటే దారి. గుడ్డ వెంట క్రమశిక్షణగా నడిచి వచ్చి తిన్నగా పాస్టరయ్య ముఖం మీదికి చేరింది. ఆయన గొంతు వణికింది. “తండ్రీ...” అని ఆగారు. మళ్ళీ “తండ్రీ...” అన్నారు. కళ్ళ నుంచి ధారలు. ముందు వరసలో ఒకరు వెక్కారు. వెనక మరొకరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. క్షణంలో గదంతా ఏడుపూ దగ్గూ. నేను కళ్ళు తుడుచుకుంటూ పక్కకు చూస్తే బాపు ముఖం వెలిగిపోతోంది. కన్నీళ్ళు కారుతుండగానే నా చెవిలో, “చూసినవా బిడ్డా, ఒక్క ఇసుమంత పక్కకు పోతలేదు గాలి!” అన్నాడు. పాస్టరయ్య ఎలాగో ‘ఆమేన్’ దాకా చేరుకున్నారు. కళ్ళు సరిగ్గా కనపడని మా అవ్వ మూల నుంచి గట్టిగా నిట్టూర్చి, “నా బతుకుల గింత గనమైన ప్రార్థన చూడలే. అందరి దిల్లు కరిగిపోయినయ్” అంది. ఎవరూ కాదనలేదు. (ఆ తర్వాత చాలాకాలం మా ఇంటి ప్రార్థనకు పేరు నిలిచిపోయింది.) పాస్టరయ్య లేచాక బాపు ముందు చేసిన పని మెత్త మీద అరచెయ్యి పెట్టి చూడటం. పొడిగా, వెచ్చగా, వాసన లేకుండా ఉంది. వెనిగర్ కూడా చేయలేని పని ఆ గాలి చేసింది.

అదే సాయంత్రం అమ్మ కూరగాయల కత్తి తెచ్చి టార్పాలిన్ తాళ్ళు తనే కోసేసింది. బాపు ఆ ఓటమిని ఒప్పుకున్నాడు గాని మెత్తల్ని వదల్లేదు. పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగగానే కిటికీ తీస్తాడు. మెత్తల్ని ఒక్కొక్కటే లేపి అంచు మీద నిలబెడతాడు. కింద చెక్కల మీద, వెనక గోడ మీద పొడిగుడ్డతో తుడుస్తాడు. ఎండపొడ కనిపిస్తే మెత్తల్ని అటు తిప్పుతాడు. బ్లాస్టింగ్ వేళకు కిటికీ మూసేస్తాడు, దుమ్ము సద్దుమణిగాక మళ్ళీ తీసి, దులిపి, మెత్తలు పరిచి, వాటి మీద కూర్చుని రెండో షిఫ్టువాళ్ళకు చెయ్యి ఊపుతాడు. ఎంత ముసురైనా సందు చూసుకుని గాలి చూపించేవాడు. మళ్ళీ బూజు పట్టలేదు. ఎవరైనా పిలిస్తే, “ఇప్పుడు రాను, డ్యూటీల ఉన్న” అనేవాడు. అమ్మ కూడా ఎన్నడూ వెక్కిరించలేదు, పైగా ఆ వేళకు చాయ్ అక్కడికే పంపేది.

తర్వాత నాకు పెళ్ళయింది, సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న బసంత్‌నగర్‌లో కాపురం. బొగ్గు దుమ్ములోంచి సిమెంటు దుమ్ములోకి వచ్చాను. తెలివిగా ఈసారి కిటికీ దగ్గర తెల్ల మెత్తలు వేసుకున్నాను. ఇక్కడ బూజు నల్లగా పట్టింది. చేతులెత్తేసి, తడి పీల్చని రెగ్జిన్ మెత్తలు తెచ్చుకున్నాను. ఒక్కసారి తుడిస్తే చాలు, ఏడాదంతా చూడనక్కర్లేదు. అవి చూసుకుని మురిసి, మొన్న వానాకాలంలో అలాంటివే బాపుకూ తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళ నొప్పులు, రోజూ ఆ బరువులు లేపడమెందుకని నా ఆలోచన. బాపు కొత్త మెత్తను అటూ ఇటూ నొక్కి చూశాడు. “ఇగ లేపుడు అక్కర లేదా?” అన్నాడు. “అక్కర లేదు బాపు. బూజే పట్టదు. హాయిగ కూసో” అన్నాను గర్వంగా. “మంచిగనే ఉన్నయ్” అన్నాడు.

మళ్ళీ ఆదివారం వెళితే కిటికీ మూసి ఉంది. గద్దె మీద ఎవరూ లేరు. బాపు ఏడీ అంటే, అమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, “గేటు కాడికి పోయిండు” అంది.

“మల్ల ఎందుకు?”

“ఎందుకంటె? నువ్వే గద రెండోసారి రిటైర్ చేసినవ్” అంది.

నేను స్టూలు వేసుకుని సజ్జ మీదున్న పాత నల్ల మెత్తలు దింపాను. వారంగా గాలి తగలక బియ్యప్పిండి చల్లినట్టు నిండా బూజు పట్టాయి. దులపకుండానే తెచ్చి గద్దె మీద పరిచి, రెగ్జినువి సంచిలో దాచేశాను. మధ్యాహ్నం బ్లాస్టింగ్ దుమ్ము సద్దుమణిగాక బాపు వచ్చాడు. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు. గద్దె దగ్గరికి వెళ్ళి వేలితో తీసి చూసి, “అబ్బ, బాగనే పట్టింది!” అన్నాడు. ఆ గొంతులో సంతోషం దాగలేదు. ఖాకీ చొక్కా చేతులు పైకి మడిచి, మోకాళ్ళు పట్టుకుని, అమ్మా అనుకుంటూ వంగి కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. “గట్ల నిలవడి చూస్తవేంది, గా కొస పట్టు” అన్నాడు నాతో. నేను పట్టాను.

ఆ వయసులో నా కళ్ళన్నీ ఫోను బొమ్మలోని పిల్ల మీద, ఆమె చేతిలోని కాఫీ కప్పు మీద ఉండేవి. ఆమె కూర్చున్న ఆ మెత్తల్ని రోజూ పొద్దున లేపి ఎవరు ఆరబెట్టేవారో నాకు తట్టనేలేదు. ఇప్పుడా బొమ్మ ఎక్కడైనా కనిపిస్తే, నేను ముందుగా చూసేది కిటికీ పక్కన ఎవరైనా ఖాకీ చొక్కా మనిషి నిలబడి ఉన్నాడేమోనని.